మానుకోట స్టేషన్‌కు చలికాలం పనులు

ప్రతి ఏడూ కార్తీకం సగం దాటేసరికి, గోడ మీది క్యాలెండర్ నుంచి అయిపోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి, దాని మీద ఒక జాబితా రాస్తాను. పైన ‘చలికాలం పనులు’ అని రాసి కింద గీత గీస్తాను. ఆ గీత చూస్తేనే నా భార్యకు ఒళ్ళు మండుతుంది. కారుతున్న నల్లా గానీ, ఊడిపోయిన కిటికీ రెక్క గానీ ఆ జాబితాలో ఎప్పుడూ ఉండవు. జనగామలోని మా ఇంటి ముందు గదిలో, ప్లైవుడ్ బల్ల మీద నేను కట్టిన బొమ్మ రైల్వే స్టేషన్‌కు ఆ ఏడు ఏమేం చేయాలో అదే ఉంటుంది.

“ఇంట్ల నల్లా కారవట్టి ఆర్నెల్లాయె. నువ్వు స్టేషన్ల నీళ్ళ ట్యాంకి కడ్తవు,” అంటుంది.

అందులో అబద్ధం లేదు కాబట్టి నేను మాట్లాడను. నీళ్ళ ట్యాంకు మాత్రం కడతాను.

ఈ పనులు చలికాలంలోనే చేయాలి. వానల్లో ప్లైవుడ్ తేమ పీల్చి ఉబ్బుతుంది, అతికించినవన్నీ లేస్తాయి. ముందు గదికి ఒక్కదానికి రేకుల కప్పు, ఎండాకాలం అందులో మనిషే నిలవలేడు, ఇక థర్మోకోల్ గుట్టలు ఏం నిలుస్తాయి. పట్టాలు సాగి ఒకదాన్నొకటి నెట్టుకుని వంకర తిరుగుతాయి. మా బాపు, అంటే నాన్న, రైల్వేలో కీమెన్‌గా చేశాడు. సుత్తె భుజాన వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన చోటల్లా బిగించడం ఆయన పని. “ఎండకు పట్ట ఒళ్ళు ఇరుసుకుంటది, సలికి ముడుసుకుంటది. దాని గుణం తెలుసుకోని పని చెయ్యాలె,” అనేవాడు. నా పట్టాల మధ్య రెండు వేళ్ళు కూడా పట్టవు గానీ, వాటి గుణమూ అదే.

నా ఉద్యోగం భూపాలపల్లిలో. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌ని. వారమంతా అక్కడే ఒక గదిలో ఉండి, శనివారం సాయంత్రానికి జనగామ చేరుకుంటాను, సోమవారం మొదటి బస్సుకు వెళ్ళిపోతాను. భూమిలోపల బొగ్గు మోసే బెల్టులు, గాలి పంపే ఫ్యాన్లు నా చేతి మీదుగా ఆగుతాయి, నడుస్తాయి. అంత బొగ్గు తవ్వే ఊళ్ళో మనిషి రైలెక్కాలంటే మాత్రం ముందు బస్సెక్కాలి. ఆ లోటు ప్లైవుడ్ మీదైనా తీర్చాలని ఈ ఏటి జాబితాలో మొదటి పనిగా రాసుకున్నాను: మానుకోట నుంచి భూపాలపల్లికి కొత్త లైను. లైను చివర పోయడానికి అగ్గిపెట్టెలో బొగ్గు పొడి కూడా తెచ్చి పెట్టుకున్నాను.

మానుకోట అంటే మహబూబాబాద్. మా బాపు పనిచేసిన ఊరు, నేనూ అక్కా రైల్వే క్వార్టర్లో పెరిగిన ఊరు. బల్ల మీద ఉన్నది ఆ స్టేషనే, మా చిన్నప్పుడు ఎట్లా ఉండేదో అట్లా. దాన్ని నాకోసం మొదలుపెట్టలేదు. అక్క కోసం మొదలుపెట్టాను. అక్క చూపు పోతోంది. పూర్తిగా పోయేలోపు ఆ స్టేషన్‌ను ఆమెకు కళ్ళారా చూపించాలి. మొత్తం సంగతి అంతే, కాకపోతే నడుమ నేనే దాన్ని మరిచిపోయాను.

మా అమ్మను అవ్వ అంటాం. అవ్వా బాపూ మేనబావా మేనమరదళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలూ అంతే. మా ఇళ్ళల్లో అది తప్పు కాదు, సంబరం. ఇంట్లో పిల్లను పెట్టుకుని బయటి సంబంధం చూస్తేనే నలుగురూ ముక్కున వేలేసుకునేవాళ్ళు. ఆ రక్తం రెండు వైపుల నుంచీ వచ్చి అక్క కళ్ళలో కూర్చుంది, నన్ను వదిలేసింది. ఎందుకు వదిలేసిందో అడగడానికి ఎవరూ లేరు. చిన్నప్పుడు పొద్దు గూకితే అక్క బిందెలకూ మంచం కోళ్ళకూ తట్టుకుని పడేది. “కండ్లు నెత్తికెక్కినయా?” అని అవ్వ కసిరేది. అది రేచీకటి అని తర్వాత తెలిసింది. ఇంకా చాలా ఏళ్ళకు హైదరాబాద్‌లో డాక్టరు అసలు సంగతి చెప్పాడు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు నడుమ కొంచెం మిగులుతుంది, కొన్నాళ్ళకు అదీ ఉండకపోవచ్చు. మందు లేదు. దవాఖాన మెట్ల మీద నేను ఏడుస్తుంటే అక్క, “చాయ్ ఏడ దొరుకుతదో సూడు,” అంది.

అక్క పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు చెప్పేది. పిల్లలు కాళ్ళకు అడ్డం పడినా కనిపించని రోజు వచ్చాక మానేసి, మా ఇంట్లోనే ఉంటోంది.

నాలుగేళ్ళ కిందట గార్లలో చుట్టాల పెళ్ళికి పోయి వస్తూ మానుకోటలో బండి మారాం. ప్లాట్‌ఫారం మీద అక్క తల అటూ ఇటూ తిప్పుతోంది. “బాపు కూసునే బెంచి ఏదిరా?” అని అడిగింది. ప్లాట్‌ఫారం చివర నల్లా పక్కన ఒక బెంచీ ఉండేది. బాపు లైను నడిచి వచ్చి అక్కడ కూర్చుంటే, ఎనిమిదేళ్ళ అక్క క్వార్టర్ నుంచి సద్ది గిన్నె తెచ్చి ఇచ్చేది. నేను ఆమె భుజాలు పట్టి అటు తిప్పి వేలు చూపించాను. నడుమ జనం. అక్క కాసేపు వెతికి ఊరుకుంది.

“స్టేషన్ కండ్లల్ల పడుతలేదురా తమ్మీ. ఒక స్తంభం, ఒకని నెత్తి, ఒక బోర్డు ముక్క. కలుపుకుందామంటే కలుస్తలెవ్వు.”

జనగామ చేరేదాకా ఆ మాటే నా చెవుల్లో ఉంది. డాక్టర్లకే చేతకానిది నాకేం చేతనవుతుంది. నాకు తట్టింది ఒక్కటే. గొట్టంలోంచి చూస్తే పెద్దది పట్టదు, చిన్నదైతే పడుతుంది. స్టేషన్‌నే చిన్నది చేస్తే సరి.

ఆ చలికాలం మూరెడు పొడుగున ఒకే ఒక ప్లాట్‌ఫారం కట్టాను. చివర బెంచీ, పక్కన రాగి తీగతో నల్లా. బెంచీ మీద అగ్గిపుల్లతో చేసిన మనిషి, ఖాకీ రంగు చొక్కా, భుజాన గుండుసూది సుత్తె. హైదరాబాద్ నుంచి ఎవరో వాడిన బొమ్మ రైలు తెచ్చాను. జానెడు ఇంజను, నాలుగు డబ్బాలు. డబ్బాలకు నీలం రంగు వేసి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికించాను. అక్క బల్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. తల కదపలేదు. చాలాసేపు చూసింది.

“ఒక్కపారే కనవడ్డది,” అంది. “మొత్తం.”

నా పని ఆ రోజే అయిపోయింది. అక్కడ ఆగిపోయేవాడు బుద్ధిమంతుడు. నేను ఆగలేదు. రెండో చలికాలం ఇంకో ప్లాట్‌ఫారం, రెండింటి మధ్య పైవంతెన. మూడో చలికాలం గూడ్స్ షెడ్డు, రైల్వే గేటు, బండి ఆగకుండా తిరగడానికి గుండ్రటి లైను. నాలుగో ఏడు గుట్టలు. వీధిలోవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి చూసిపోయారు. గనిలో నాతో పనిచేసేవాళ్ళు ఒక ఆదివారం పని కట్టుకుని వచ్చి ఫోన్లలో వీడియోలు తీసుకున్నారు. “మా అక్క కోసం చేసిన,” అని అందరికీ చెప్పాను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే అదే.

ఇంకో సంగతి ఉంది, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అక్క కుర్చీ ఏడాదికింత వెనక్కి జరుగుతూ వచ్చింది. మొదటి ఏడు బల్ల పక్కనే ఉండేది. రెండో ఏడు గది నడుమకు వచ్చింది. మూడో ఏడు గడప దగ్గరికి. నాలుగో ఏటికి వరండాలోకి పోయింది, వెనక గోడ ఆనుకునేదాకా. అక్కడి నుంచి తలుపులోంచి చూసేది. జిగురు వాసన పడడం లేదేమో అనుకున్నాను. కిటికీ తెరిచి ఫ్యాను పెట్టాను కూడా. “మంచిగున్నదా అక్కా?” అని అరిచి అడిగితే, “మంచిగనే ఉన్నది,” అనేది.

ఈ ఏటి జాబితా కాగితం నిండిపోయింది. భూపాలపల్లి లైను, దానికి బల్ల ఇంకో మూడడుగులు పొడిగింపు, బొగ్గు దింపే చోటు, వాగు మీద వంతెన, సిగ్నళ్ళకు ఎర్ర పచ్చ బల్బులు. శనివారం రాగానే మొదలుపెట్టాలని గనిలోనే తీగ ముక్కలు కొలిచి కోసి సంచిలో వేసుకున్నాను.

ఇంటికి వచ్చి ముందు గది తలుపు తీశాను. లోపల పత్తి. గోడ నుంచి గోడకు, కిటికీ ఎత్తు వరకు. స్టేషన్ లేదు.

నా బామ్మర్ది బచ్చన్నపేట దగ్గర పత్తి వేస్తాడు. ఈసారి ఏరే వేళకు ముసురు పట్టింది. జనగామ మార్కెట్‌కు తెస్తే, తేమ ఉంది, ఆరబెట్టుకుని రమ్మన్నారట. వెనక్కి తీసుకుపోతే వాళ్ళ ఇంట్లో అప్పటికే మంచాల కింద కూడా పత్తే. మా వెనక గదుల డాబా మీద ఎండ బాగా పడుతుందని వాడికి వాళ్ళ అక్క గుర్తొచ్చింది, అంటే నా భార్య. పగలు పైన ఆరబోసి, మంచు పడకముందే కిందికి దించి గదిలో పోసుకోవచ్చని ఇద్దరూ అనుకున్నారు. నేను భూపాలపల్లిలో ఉన్నాను కాబట్టి నన్ను అడిగే పని పడలేదు.

“పత్తే కద బావా. దూది. దానికి దెబ్బ తాకుతదా?” అన్నాడు బామ్మర్ది.

చేయి పెట్టి తడిమాను. పైవంతెన నడుం విరిగి వచ్చింది. సిగ్నల్ స్తంభాలు రెండు పడిపోయాయి. వాళ్ళు మరీ అన్యాయం చేయలేదు, ముందుగా బల్ల మీద పాత చీర కప్పే పోశారు. అయినా నాకు కోపం ఆగలేదు. బామ్మర్దిని అన్నాను, వాడి ట్రాక్టర్‌ను అన్నాను, చివరికి వానను కూడా అన్నాను. నా భార్య అంతా విని చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“మా తమ్ముని పత్తి పది దినాలుంటే నీ రైలు ఆగిపాయెనా? నాలుగేండ్ల సంది నా ముందటి అర్ర నీ రైలుకిచ్చిన. నేనేమన్న అన్ననా?”

అన్నది. నేను ఇంటికి వచ్చినప్పుడల్లా అన్నది. కానీ గది మాత్రం ఇచ్చింది, అదీ నిజమే. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది కదా, ఊరుకున్నాను.

అప్పుడు చూశాను అక్కను. వరండా గోడకు ఉండాల్సిన కుర్చీ గదిలో ఉంది. పత్తి నడుమ ఒక మూల కుర్చీ పట్టేంత చోటు చేసుకుని, మోకాళ్ళు బల్లకు తగిలేంత దగ్గరగా అక్క కూర్చుని ఉంది. చీర పొడుగు చాలక బల్ల ఆ మూల ఒక్కటే బయట ఉంది. మొదటి ప్లాట్‌ఫారం చివర, నల్లా, బెంచీ, బెంచీ మీద బాపు. అరచేయంత. చుట్టూ అంతా తెల్లగా పత్తి.

“ఏం జేస్తున్నవ్ అక్కా ఈడ?”

“సూస్తున్న.”

“ఏమున్నది సూడనీకి? అంత మూసుకపాయె గద.”

“గిప్పుడే మంచిగ కనవడుతుంది,” అంది.

నన్ను ఓదార్చడానికి అంటోందనుకున్నాను. వంగి ఆమె ముఖంలోకి చూశాను. ఓదార్పు లేదు అందులో. మొదటి చలికాలం చూసినట్టే చూస్తోంది, తల కదపకుండా.

“నా కండ్లల్ల గిట్లనే ఉంటదిరా తమ్మీ. సుట్టు పత్తి. నడిమిట్ల గింత. నువ్వు ప్రతి యేడు ఇంత కలుపుతివి. అండ్ల బాపు ఏడున్నడో నాకు దొరకకపాయె. ఎనకకు జరిగి సూద్దునా, స్టేషన్ పడుతది గని బాపు కనవడడు. దగ్గరకొస్తే బాపు ఏ దిక్కున్నడో తెల్వది. ఎనకకు జరుగుడు గుడ అయిపాయె, గోడొచ్చింది.”

కిటికీ తెరిచి ఫ్యాను పెట్టినవాడిని నేనే కదా. చివరికి అడగాల్సింది అడిగాను.

“మరి ఎందుకు చెప్పలేదక్కా?”

“వారానికొక్క దినం వస్తవు. సంబురంగ చేసుకుంటవు. ఎట్ల చెప్పాలె?”

నా భార్య గడపలో నిలబడి వింటోంది. ఆ సాయంత్రం ఆమె నన్ను ఇంకేమీ అనలేదు.

జాబితా కాగితం జేబులోంచి తీశాను. చింపేస్తే పెద్ద పని చేసినట్టు ఉంటుందని చింపలేదు. ఒక్కొక్కటీ కొట్టేశాను. భూపాలపల్లి లైను కొట్టేసేటప్పుడు కాస్త బాధేసింది, అబద్ధమెందుకు. అన్నీ అయ్యాక, “ఈసారి ఏం పని చెయ్యాల్నో నువ్వే చెప్పక్కా,” అన్నాను.

అక్క బల్ల అంచు తడుముతూ ఆలోచించింది. అడిగితే మళ్ళీ నేనేదైనా కలుపుతానని భయపడిందేమో.

“బండి బాగ ఉరుకుతది. అచ్చింది అనేటాలకు పోతది. జర మెల్లగ నడిపిస్తవా?”

కాగితం అడుగున రాసుకున్నాను: బండి మెల్లగా నడవాలి. ఒకే పని. నాలుగు చలికాలాల్లో ఇంత చిన్న జాబితా లేదు. రెండు గంటల పని అనుకున్నాను.

పత్తి ఆరి, ట్రాక్టర్ ఎక్కి వెళ్ళేసరికి ఇంకో రెండు ఆదివారాలు పోయాయి. గది ఊడ్చాం. చీర నేను తీయబోతే నా భార్య ఆపింది. “ఉండనియ్యి. వదినకు గదే సుకమంటుంది గద,” అని అంచులు సర్ది, బెంచీ మూల మాత్రం బయట ఉంచి, పట్టాల మీద అడ్డం రాకుండా మడత పెట్టింది.

బండి పెట్టి రెగ్యులేటర్ మెల్లగా తిప్పాను. కదలలేదు. ఇంకొంచెం తిప్పాను. ఒక్క ఉరుకు ఉరికి చీర కిందికి దూరిపోయింది. ఇరుసులకు పత్తి పోగులు చుట్టుకున్నాయని కనిపెట్టి, ఆ ఆదివారమంతా చక్రం చక్రం ఊడదీసి పట్టుకారుతో లాగాను. పాత బ్రష్షుతో పట్టాలు తోమాను. మళ్ళీ అంతే. తక్కువ కరెంటు ఇస్తే గుయ్యిమని మూలుగుతుంది గానీ కదలదు, ఎక్కువ ఇస్తే ఉరుకుతుంది. పిల్లలు ఆడుకోవడానికి చేసిన మోటారు అది. ఉరకడం ఒక్కటే దానికి నేర్పారు. 

గనిలో బెల్టును ఎంత మెల్లగా కావాలంటే అంత మెల్లగా కదిలిస్తాను. ఈ జానెడు ఇంజను నా మాట వినలేదు. భూపాలపల్లి వెళ్ళి తోటివాళ్ళను అడిగాను. ఒకడు ఇచ్చిన రెసిస్టర్లు బిగించాను. ఇంకొకడు చెప్పినట్టు ఇంజనుకు బరువు కట్టాను. మూడో ఆదివారం సర్క్యూటు మొత్తం మార్చాను. ప్రతి ఆదివారం అక్క వచ్చి కుర్చీలో కూర్చునేది, నేను ఏదో బిగించేవాడిని, బండి ఆమె ముందు నుంచి ఒక్క నీలం గీతలా పోయేది. “అయితదిలే, తొందరేమున్నది,” అనేది. తొందర ఉంది. ఆ మూడో ఆదివారం ఎదురుగా నిలబడి గ్లాసు అందిస్తే, అక్క నా ముఖం కోసం ముందు నా భుజం దగ్గర వెతికింది, తర్వాత చెవి దగ్గర, తర్వాత దొరికింది. దొరికాక నవ్వింది. నేను రెగ్యులేటర్ వైపు తిరిగి లేని పని కల్పించుకున్నాను.

అట్లా సంక్రాంతి కూడా దాటింది. మొన్నటి ఆదివారం పొద్దున ఇంజనులోంచి కాలిన వాసన వచ్చింది. మోటారు పోయింది. దాన్ని అరచేతిలో పట్టుకుని నిలబడ్డాను. నాకు తెలిసిన విద్య అక్కడితో అయిపోయింది. చలి కూడా తగ్గుతోంది, ఇంకో నెలైతే ఆ గదిలో కూర్చోలేం. కాగితం మీద ఉన్న ఒకే ఒక్క పని కూడా చేయలేకపోయాను.

“ఆగిపాయెనా?” అంది అక్క.

“కాలిపోయిందక్కా.”

“పోనీ తియ్యి. పెట్టు బండిని. ఉన్నకాడికి సూస్త.”

చనిపోయిన ఇంజనును పట్టాల మీద పెట్టాను. వెనక నాలుగు డబ్బాలు తగిలించాను. చీర మడత పైకెత్తి, చివరి డబ్బా మీద చూపుడువేలు ఆనించి, నెట్టాను. మా బాపు నడిచినంత మెల్లగా నెట్టాను. చిన్నపిల్లలు ఆడుకునే తీరు అది. ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు.

అక్క ముందుకు వంగింది. ఆమె చూపు బెంచీ మీదే ఉంది. బండి దానంతట అది ఆ చూపులోకి వచ్చింది.

“ఇంజను,” అంది. “ముందట దీపమున్నది.”

నేను నెడుతున్నాను.

“ఒక డబ్బ. కిటికీలు గుడ పెట్టినవా? రెండో డబ్బ.” ఇక అయిపోయిందన్నట్టు వెనక్కి ఆనుకోబోయి, మళ్ళీ వంగింది. “ఇంకున్నయా?”

“ఇంక రెండున్నయక్కా. నాలుగు డబ్బలు.”

“నాలుగా,” అంది అక్క. “ఇన్నేండ్ల సంది నేను రెండే అనుకున్న.”

గడపలో నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వేలు తీయలేదు. మూడో డబ్బాను తెచ్చి బెంచీ ముందు, బాపు ముందు, అక్క ముందు ఆపాను. ఆమె చెప్పేదాకా కదపలేదు.